బకాయిదారుల డప్పు

నా పేరు పురుషోత్తం. హైదరాబాదు పాతబస్తీలోని ఛత్రినాకలో పసుపు కుంకుమల దుకాణం నాది, ఇల్లు దాన్ని ఆనుకునే ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా సర్కారుకు కట్టాల్సిన ఏ రుసుమూ ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్ప కోసమే చెప్తున్నానని మీరనుకున్నా నాకు నష్టం లేదు, నా దగ్గర రసీదులున్నాయి.

ఆకుపచ్చ గుడ్డ అట్ట వేసిన ఫైలు అది. ఇంటి పన్ను, నల్లా బిల్లు, దుకాణం లైసెన్సు, కాటాకు ఏటా ముద్ర వేయించిన చీటీ, అన్నీ ఏడాది వరుసలో ఉంటాయి. ముద్ర వేసే ఇన్‌స్పెక్టర్ ఒక ఏడాది రావడం మరచిపోతే నేనే కాటా ఆటోలో వేసుకొని ఆయన ఆఫీసుకు వెళ్లాను. ఆయన నాకు చాయ్ తాగించాడు గానీ, ఆ మొహంలో సంతోషమేమీ లేదు. ఇంకోసారి మా మరదలిని రైలెక్కించడానికి దబీర్‌పురా స్టేషన్‌కు పోయి ప్లాట్‌ఫారం టికెట్ అడిగాను. కౌంటర్లో ఉన్నాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "క్యా సాబ్, తబియత్ ఠీక్ హై న?" అన్నాడు. నా ఆరోగ్యం బాగానే ఉంది. బాగా లేనిది మిగతా జనానిది.

మా గల్లీలో నన్ను రసీదు సేట్ అంటారు. వెనకాల కాదు, ముందే అంటారు. నన్ను ఉడికించామనుకొని సంబరపడతారు. అననీ, నాకేం పోయింది? లైసెన్సు లేకుండా ఆరేళ్లుగా మిఠాయి అమ్ముకునే మనీష్ అన్నంత మాత్రాన నేను చిన్నబోతానా?

ఇక మా ఆవిడ వరమ్మ. ఆమెకు నా రసీదులంటే కోపం లేదు, ఇష్టమూ లేదు. బీరువాలో ఆ ఫైలు పక్కన తన చీరలు పెట్టుకుంటుంది, అంతే. ఆమె లెక్కలు వేరు. పెళ్లయి వచ్చిన ఏడు మొదలు వరసగా ముప్పై ఆరు బోనాలు ఎత్తింది. ఏ ఏడు ఎంత ఎండ ఉందో, ఏ ఏడు వానకు దీపం ఆరబోతే కొంగు ఎలా అడ్డం పెట్టిందో అడగకుండానే చెప్తుంది. రెండేళ్ల కింద మోకాళ్లు మొరాయించాయి. గుడి దాకా నడవడం మాట అటుంచి, గడప దాటాలంటే ద్వారబంధం పట్టుకోవాలి. అప్పటి నుంచి ఆమెకు మిగిలింది ఒకటే ఆశ. డప్పు మా వాకిట్లోకి రావాలి, అమ్మవారి పేరున తన చేత్తో సాక పోయాలి. సాక అంటే తెలియనిదేముంది, చెంబు నీళ్లలో పసుపు కలిపి వేపాకు వేసి, వచ్చినవాళ్ల కాళ్ల మీద పోయడం.

ఆ భాగ్యం మా ఇంటికి లేదు. మా గల్లీకి అవతలి వైపు దారి లేదు. ఊరేగింపులో వచ్చే అమ్మవారి ఘటం లోపలికి వస్తే తిరిగి వెనక్కి నడిపించాలి, అమ్మవారిని వెనక్కి నడిపించరు. అందుకని ఊరేగింపు గల్లీ మొగదల ఓ నిమిషం ఆగి, పెద్ద రోడ్డు మీది నుంచే పోతుంది. పోయినేడు వరమ్మ పట్టుచీర కట్టుకొని, చెంబు ఒళ్లో పెట్టుకొని గడపలో కూర్చుంది. చప్పుడు దగ్గరైంది, మొగదల ఆగింది, దూరమైంది. ఆమె ఆ నీళ్లు తులసి కుండీలో పోసి లోపలికి పోయింది. ఆ పూట నాకు అన్నం వడ్డించలేదు.

"డప్పులోళ్లను నేను మాట్లాడుతా. ఓ వెయ్యి రూపాయలు ఇస్తే ఇంటి ముందట గంట సేపు కొడతరు" అన్నాను.

"పైసలిచ్చి పిలిస్తే అది వచ్చినట్టా?" అంది. "తనంతట తను రావాలె."

ఈ మాట గుర్తుంచుకోండి. నా కొంప ముంచింది ఈ మాటే.

ఈ ఏడు ఎండాకాలంలో మా వార్డు ఆఫీసుకు కొత్త అధికారి వచ్చాడు. నిఖిలేష్ సారు. ముప్పై దాటని మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఎప్పుడూ ట్యాబు. ఎక్కడి నుంచి వచ్చాడో తెలియదు గానీ, పాతబస్తీ నీళ్లు తాగిన మనిషి మాత్రం కాదు. బోనాల నెల ఆషాఢం మొదటి వారంలో ఫంక్షన్ హాల్లో వ్యాపారులందరికీ మీటింగు పెట్టాడు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. 'చట్టాన్ని పాటిద్దాం, రుసుము చెల్లిద్దాం' అని రాసి ఉంది. సారు మాటలు మొదలుపెట్టకముందే నేను లేచి, "సార్, బయట ఇట్లాంటివే ఆరు కట్టిన్రు. వాటికి పర్మిషన్ ఉన్నదా?" అని అడిగాను. హాలంతా నవ్వింది. సారు నవ్వలేదు.

వార్డులో రెండు వందల నలభై ఒక్క దుకాణాలుంటే లైసెన్సు రుసుము కట్టినవాళ్లు డెబ్బై మంది. సారు ఆ అంకెను గోడ మీద ఎర్ర అక్షరాల్లో చూపించాడు. మాది తప్ప మా గల్లీ మొత్తం ఎరుపే. తర్వాత నన్ను వేదిక మీదికి పిలిచి, "ఇలాంటి పౌరుడు ప్రతి వీధికీ ఒకరుండాలి" అన్నాడు. కింద నుంచి ఎవరో "ఒకడే ఎక్కువైండు సార్" అన్నారు. గొంతు నాకు తెలుసు, మనీష్‌దే.

"ఇప్పటిదాకా నోటీసులిచ్చాం. మెసేజీలు పెట్టాం. ఇక నుంచి కొత్త పద్ధతి" అన్నాడు సారు. "బకాయిదారుల ఇంటి ముందు డప్పు కొట్టించి, నోటీసు గట్టిగా చదివి ఇస్తాం. బస్తీ అంతా చూస్తుంది. సిగ్గుపడి కడతారు."

హాల్లో జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. భయంతో అనుకున్నాడు సారు. బాలనర్సింహ లేచి నిలబడ్డాడు. బాలనర్సింహ మా వార్డు బిల్ కలెక్టర్, ఛత్రినాకలోనే పుట్టి పెరిగినవాడు, ఇరవై రెండేళ్ల సర్వీసు.

"సార్, ఈ ఒక్క నెల ఆగుదాం సార్. శ్రావణం రానియ్యండి."

"ఎందుకు?"

"ఆషాఢంల డప్పంటే లెక్క వేరే ఉంటది సార్."

"చట్టానికి నెలలుండవు బాలనర్సింహా, కూర్చోండి" అన్నాడు సారు.

ఆ మాటకు చప్పట్లు కొట్టాను. అందరికంటే ముందు కొట్టింది నేనే. దాచడం ఎందుకు?

మర్నాడు ఆఫీసులో జరిగింది బాలనర్సింహ నాకు దుకాణంలో కూర్చొని చెప్పాడు. డప్పుల బృందం పెద్ద అంజన్‌ను పిలిపించి సారు, "అవమానంగా ఉండే దెబ్బ కొట్టాలి" అన్నాడట. అంజన్ వేళ్లు మడిచి లెక్కపెట్టి, "సార్, మాకు మూడు దెబ్బలొస్తయ్. పెండ్లిది, సావుది, బోనాలది. అవమానం దెబ్బ మా తాతల కాలం నుంచి లేదు" అన్నాడట. సావు దెబ్బ కొట్టమన్నాడు సారు. బతికున్న మనుషుల ఇంటి ముందు సావు దెబ్బ కొడితే ఆడోళ్లు మా కాళ్లు విరగ్గొడతరు, ఆ ఖర్చు ఆఫీసు పెట్టుకుంటదా అని అడిగాడు అంజన్. ఏదో ఒకటి గట్టిగా కొట్టండి, అన్నాడు సారు.

బుధవారం పొద్దున పది గంటలకు డప్పు మా గల్లీలోకి వచ్చింది. గల్లీ పుట్టినప్పటి నుంచి రానిది వచ్చింది. లిస్టులో మొదటి పేరు మా ఎదురింటి మనీష్‌ది. నలుగురు డప్పులవాళ్లు, వాళ్ల వెనక నోటీసు పట్టుకొని బాలనర్సింహ. ఆషాఢంలో అంజన్ చేతులకు వచ్చేది ఒకటే దెబ్బ, బోనాలది. అదే కొట్టాడు.

మనీష్ తల్లి లీలమ్మ బయటికి తొంగి చూసి, ఒక్క ఉదుటున లోపలికి పరిగెత్తింది. నోటీసు చూసి దాక్కుందేమో అనుకున్నాను. రెండు నిమిషాల్లో జరీ చీర కొంగు భుజాన వేసుకుంటూ, చెంబులో పసుపు నీళ్లు, చేతిలో వేపమండలతో వచ్చింది. నలుగురి కాళ్ల మీదా సాక పోసింది. బాలనర్సింహ బూట్ల మీదా పోసింది. అతని నుదుటికి రూపాయంత బొట్టు పెట్టింది. అతను పాపం నోటీసు తెరిచి, ఆరేళ్ల లైసెన్సు రుసుము, జరిమానా అంటూ చదువుతూనే ఉన్నాడు. డప్పు చప్పుడులో అతని పెదాలు కదలడం తప్ప ఎవరికీ ఏమీ వినబడలేదు. మనీష్ ఫోన్లో వీడియో తీసి జహనుమాలో ఉన్న మేనత్తకు పంపాడు. నోటీసుకు నాలుగు మూలలా కుంకుమ పెట్టి, లీలమ్మ దాన్ని దేవుని గూట్లో నిలబెట్టింది.

వరమ్మ అప్పటికే మా గడపలో నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో, చెంబు ఎప్పుడు తీసిందో నేను చూడలేదు.

"నాయనా, ఇటు గూడ రాండ్రి. పది అడుగులే" అంది అంజన్‌తో.

అంజన్ జేబులోంచి కాగితం తీసి చూశాడు. "మీ పేరు లేదమ్మా. లిస్టుల ఉన్న ఇండ్ల కాడ్నే కొట్టుమన్నరు" అని, డప్పు భుజాన వేసుకొని వెళ్లిపోయాడు.

వరమ్మ నా వైపు తిరిగింది. "ఏమయ్యా, మన పేరెందుకు లేదు?"

"మనం కట్టినం గనక."

"ఎవరు కట్టుమన్నరు నిన్ను?"

ముప్పై ఒక్క ఏళ్లలో నన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. దీనికి నా దగ్గర రసీదు లేదు.

ఆ వారం మా బస్తీలో జరిగిన లొల్లి అంతా ఇంతా కాదు. ఆఫీసు ముందు జనం బారులు తీరారు. ఎందుకు? కట్టడానికి కాదు. మా ఇంటికి డప్పు ఎప్పుడొస్తది, ఆదివారం వచ్చేటట్టు రాయండి, మా అల్లుడు ఆ రోజు ఇంట్లో ఉంటడు అని అడగడానికి. ఇద్దరు అన్నదమ్ములు, బకాయి పెద్దవాడి పేరు మీద ఉందా చిన్నవాడి పేరు మీద ఉందా అని కొట్టుకున్నారు. డప్పు ఎవరి వాకిట్లో మోగాలో తేలాలి కదా. ఏప్రిల్‌లో బుద్ధిగా కట్టిన కట్టెల అడితి ఈశ్వరయ్య తన పైసలు తనకు వాపసు ఇవ్వమని దరఖాస్తు పెట్టాడు. సారు మాత్రం, సిగ్గు పనిచేయడానికి కొంత టైం పడుతుందని చెప్పి, డప్పులవాళ్లను నలుగురి నుంచి ఎనిమిది మందికి పెంచాడు.

మా ఇంట్లో వరమ్మ అరవలేదు. అరిస్తే నాకూ ఒక దారి దొరికేది, నాకేమన్నా గొంతు లేదా? ఆమె కూరగాయలు తరుక్కుంటూ, చప్పుడు ఎటు నుంచి వస్తుందో చెవి పెట్టి విని, "ఇయ్యాల ఇనుప సామాన్ల కొట్టాయన ఇంటికి వొయింది. ఎనిమిదేండ్ల సంది కట్టలేదంట. పుణ్యాత్ములు" అనేది. నేను లెక్కల పుస్తకంలో తల దూర్చేవాణ్ణి.

శనివారం నాడు సగం తరిగిన బెండకాయ చేతిలోనే పట్టుకొని అంది. "నా కాళ్లు వొయినయ్. అమ్మ కాడికి నేను పోలేను. ఆమెనే రావాలె. పదడుగుల దాకా వచ్చింది. నువ్వు రానిస్తలేవు."

అంతే అంది. మళ్లీ తరగడం మొదలుపెట్టింది. నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఆమె ముప్పై ఆరు బోనాలు ఎత్తింది నా దుకాణం నడవాలని, నా ఆరోగ్యం బాగుండాలని. నేను ఆమె కోసం ఏ రుసుము కట్టాను?

నేరం చేయాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. కానీ ఎలా చేయాలి? లైసెన్సు కట్టేశాను, ఇంటి పన్ను కట్టేశాను, నల్లా బిల్లు కట్టేశాను. బకాయి పడదామంటే నాకు ఒక్క బకాయీ లేదు. ఫైలంతా తిరగేశాను. చివరికి బోర్డు గుర్తొచ్చింది. దుకాణం మీద బోర్డు ఇంత కొలత దాటితే విడిగా అనుమతి తీసుకోవాలి, విడిగా రుసుము కట్టాలి. ఈ నియమం మా వార్డులో నాకూ బాలనర్సింహకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆదివారం పన్నెండు అడుగుల ఫ్లెక్సీ చేయించి తెచ్చాను. ఇంకొకరిని నేరంలో భాగస్వామిని చేయడం ఇష్టం లేక, స్టూలేసుకొని నేనే ఎక్కి కట్టాను. ముడి మూడుసార్లు జారింది. కిందికి దిగి చూస్తే 'పురుషోత్తం పసుపు కుంకుమ భండార్' అని అక్షరాలు ఎదురింటి మేడ దాకా కనబడుతున్నాయి. ఒళ్లంతా చెమట. సోమవారం ఆఫీసు తెరవగానే బాలనర్సింహ ముందు నిలబడ్డాను.

"పన్నెండడుగుల బోర్డు పెట్టిన. పర్మిషన్ తీసుకోలే. నా పేరు రాసుకో."

అతను కుర్చీలోంచి లేచాడు. "సేట్, పానం బాగున్నదా?"

వరమ్మ సంగతి చెప్పాను. అతను కంప్యూటర్‌లో పేరు ఎక్కించాడు. ఎక్కించాక నా చేయి పట్టుకొని, "శనివారం వస్తం సేట్. వదినమ్మను రెడీగ ఉండమను" అన్నాడు. ఇంటికొచ్చి, చెంబు తోమి పెట్టుకో, శనివారం అవసరం పడొచ్చు అని మాత్రం అన్నాను. ఆమె ఎందుకని అడగలేదు. చింతపండు పెట్టి చెంబును అద్దమయ్యేదాకా తోమింది.

నా జాతకం ఎట్లాంటిదో చూడండి. అదే సోమవారం సాయంత్రం నిఖిలేష్ సారు వసూళ్ల అంకెలు చూసుకున్నాడు. డప్పు మొదలుపెట్టాక కట్టినవాళ్లు సున్నా. ఇప్పటికే కట్టి పైసలు వాపసు అడిగినవాళ్లు పదకొండు మంది. తల పట్టుకొని కూర్చున్న సారుతో బాలనర్సింహ, "సార్, డప్పు కట్టనోళ్లకు గాదు, కట్టినోళ్లకు కొట్టియ్యండి" అన్నాడు. తర్వాత నాతో ఒట్టేసి చెప్పాడు, ఆ క్షణాన నా సంగతి అతనికి గుర్తు లేదట. నమ్మాను. ఇరవై రెండేళ్లలో ఆఫీసులో అతని సలహా విన్నది అదే మొదటిసారి, ఆ సంబరంలో మనిషికి ఏం గుర్తుంటుంది?

మంగళవారం కొత్త ఆర్డరు వచ్చింది. ఏ బకాయీ లేని దుకాణదారుల ఇంటి ముందు మాత్రమే గౌరవ సూచకంగా డప్పు, అదీ శనివారం దాకానే. మధ్యాహ్నానికి ఆఫీసు క్యూ మూల మీది కల్లు దుకాణం దాకా వచ్చింది. మనీష్ ఆరేళ్లదీ ఒక్కసారే కట్టి, వచ్చే ఏడుది కూడా తీసుకొమ్మని గొడవ పెట్టుకున్నాడు. ఈశ్వరయ్య తన దరఖాస్తు చింపేశాడు. ఒకాయన ఎప్పుడో మూతపడినా లిస్టులో మిగిలిన సోడా దుకాణానికి కొత్తగా లైసెన్సు తీసుకున్నాడు. లీలమ్మ ఇంటికి రెండోసారి డప్పొచ్చింది. రెండోసారి ఆమె మా వైపు చూడను కూడా చూడలేదు. శుక్రవారం సాయంత్రానికి గోడ మీది అంకె రెండు వందల నలభై. మిగిలింది ఒక్కడు.

వరమ్మకు ఈ ఆర్డరు వచ్చిన మంగళవారం సాయంత్రమే లీలమ్మ ద్వారా తెలిసింది. నేను లోపలికి పోయేసరికి బీరువా తెరిచి ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె నా ఆకుపచ్చ ఫైలును చేతిలోకి తీసుకుంది. కొంగుతో దుమ్ము తుడిచి, దేవుని గూట్లో అమ్మవారి పటం ముందర పెట్టింది.

"కట్టినోళ్లకంట" అంది. "అందరికంటె ముందట కట్టింది నువ్వే గద. నేను తెల్వక మాటలంటిన."

ఆమె మొహం చూడలేకపోయాను. కిటికీలోంచి పక్కింటామెను పిలిచి మరీ చెప్తోంది. "మా ఆయనవి ముప్పై ఒక్క ఏండ్ల రసీదులున్నయ్. గీ గల్లీల ఇంకెవరికన్న ఉన్నయా?"

మర్నాడు, బుధవారం, ఆఫీసుకు పరిగెత్తాను. పైసలు బాలనర్సింహ బల్ల మీద పెట్టాను.

"తీసుకో. బోర్డు రుసుము, జరిమానా, నీ ఇష్టం ఎంతన్నా రాసుకో."

"తీసుకోనీకె రాదు సేట్. నోటీసు అందినట్టు సంతకం పడితే గానీ కంప్యూటర్ పైసలు పట్టదు."

"అయితే నోటీసు ఇయ్యి, ఇక్కడ్నే సంతకం పెడతా."

"చేతికియ్యరాదు. వాకిట్ల ఇయ్యాలె."

"వచ్చి ఇయ్యి."

"కొలతలు చూసేటాయన లీవుల ఉన్నడు. శుక్రవారం వస్తడు. కొలత లేంది నోటీసు తయారు గాదు."

సారు దగ్గరికి పోయాను. ఆదర్శ పౌరుడని నా ఫొటోతో ఫ్లెక్సీ వేయిద్దామని అచ్చుకు పంపబోతున్నాడట ఆయన. ట్యాబులో నా పేరు పక్కన ఎర్ర గుర్తు చూసి, "మీరు కూడానా?" అన్నాడు. ఆ మాట చెంప మీద కొట్టినట్టే తగిలింది. విషయం చెప్పాను. విన్నాడు. "మీ బాధ అర్థమైంది పురుషోత్తం గారూ. కానీ ఒక్కరి కోసం పద్ధతి మార్చడం కుదరదు. ఈ మాట మీరే కదా అందరికీ చెప్పేది?" అన్నాడు. నిజమే, నేనే చెప్తాను. ఇంకెవరన్నా ఆ మాట చెప్తే ఎంత ఒళ్లు మండుతుందో నాకు ఆ రోజు తెలిసింది. ఇంటికొచ్చి బోర్డు పీకేద్దామనుకున్నాను. శుక్రవారం కొలవడానికి అది ఉండాలన్నాడు బాలనర్సింహ, లేకపోతే కేసు ఇంకో నెల సాగుతుందట. అనుమతి లేని బోర్డును అధికారుల అనుమతితో ఉంచాల్సి వచ్చింది. శుక్రవారం వాళ్లు కొలుచుకొని పోయిన మరుక్షణమే విప్పేశాను.

శనివారం తెల్లారింది. మర్నాడే బోనాలు, సారు పెట్టిన గడువు కూడా ఆ రోజుతోనే ఆఖరు. వరమ్మ పొద్దున ఎనిమిదింటికే పట్టుచీర కట్టి, గడపలో పీట వేసుకొని, చెంబులో వేపమండ వేసుకొని కూర్చుంది. నేను దుకాణంలో కుంకుమ తూస్తున్నాను. పావు కిలో అడిగినామెకు అర కిలో తూచి ఇచ్చాను. చెప్పేద్దామని రెండుసార్లు లేచాను. మన పేరు తప్పుడు లిస్టులో ఉంది, వాళ్లు రారు, నువ్వు లోపలికి పద, అని చెప్పాలి. రెండుసార్లూ ఆ మెరిసే చెంబు చూసి వెనక్కి వచ్చి కూర్చున్నాను.

పదకొండున్నరకు డప్పు వినబడింది. పెద్ద రోడ్డు మీద. దగ్గరైంది. గల్లీ మొగదల ఆగింది. వరమ్మ వేళ్లు చెంబు అంచు మీద బిగుసుకోవడం నాకు దుకాణంలోంచి కనబడుతోంది. గల్లీలో అందరి ఇళ్లకూ డప్పు అయిపోయింది. ఇంక లోపలికి రావడానికి కారణమే లేదు. నేను కళ్లు మూసుకున్నాను.

చప్పుడు లోపలికి వచ్చింది.

కళ్లు తెరిస్తే మా దుకాణం ముందు ఎనిమిది మంది డప్పులవాళ్లు, ముందు అంజన్, వెనక కాగితం పట్టుకొని బాలనర్సింహ. అతను నా పక్కకు వచ్చి చెవిలో చెప్పాడు. "మొదటి ఆర్డరు ఎవరూ క్యాన్సల్ చెయ్యలే సేట్. కొత్తది దాని మీద వేసిన్రు, అంతే. బకాయిదారుకు నోటీసు డప్పుతోనే ఇయ్యాలె. వార్డు మొత్తంల ఇప్పుడు బకాయిదారు నువ్వొక్కనివే."

వరమ్మ లేచింది. ద్వారబంధం పట్టుకోలేదు. గడప దాటి, రెండు మెట్లు దిగి, ఎనిమిది మంది కాళ్ల మీదా సాక పోసింది. ఒక్కొక్కరికీ బొట్టు పెట్టింది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. అంజన్ ఒక అడుగు వెనక్కి వేసి, సర్కారు పని మాట మరచిపోయి కొట్టాడు. నేను అరుగు మీద దొంగలా నిలబడ్డాను. గల్లీ అంతా బయటికి వచ్చింది.

డప్పు ఆగగానే లీలమ్మ తన గుమ్మంలోంచి అడిగింది. "ఏం కాయిదం అది బాలనర్సింహా? మాకైతే గట్టిగ చదివినవు గద. చదువు, అందరం ఇంటం."

అంతా చూస్తున్నారు. అతను కాగితం విప్పాడు. వరమ్మ బొట్టు పళ్లెం పట్టుకొని అతని మొహంలోకి చూస్తోంది. నోటీసు గట్టిగా చదవాలి, అది పద్ధతి. ఇరవై రెండేళ్ల సర్వీసులో బాలనర్సింహ ఒక్క అక్షరం మింగి ఎరగడు. అతను గొంతు సవరించుకొని, "పురుషోత్తం సేట్ గారు" అని అంజన్ వైపు చూసి కనుబొమ ఎగరేశాడు. ఎనిమిది డప్పులూ ఒక్కసారి లేచాయి. ఆ చప్పుడులో అతను నోటీసు మొదటి నుంచి చివరి దాకా, గొంతు నరాలు తేలేటట్టు, కొలతలతో సహా చదివాడు. చట్టం ప్రకారం చదివినట్టే. ఎవరికీ ఒక్క ముక్క వినబడలేదు.

నేను సంతకం పెట్టాను. పైసలిచ్చాను. అతని చేతి మిషను గీచుకుంటూ రసీదు కక్కింది. 'అనుమతి లేని బోర్డు, జరిమానాతో సహా' అని దాని మీద స్పష్టంగా ఉంది. వార్డులో రెండు వందల నలభై ఒకటికి రెండు వందల నలభై ఒకటి. సారుకు ఫోన్ చేసి చెప్పుకుంటూ బాలనర్సింహ వెళ్లిపోయాడు. నేను రసీదు మడిచి జేబులో లోపలికి తోశాను. నా జన్మలో ఒక రసీదును దాచిపెట్టింది అదే.

వరమ్మ పీట మీద కూలబడి, కాళ్లు చాపుకొని, చాలాసేపు ఆయాసపడింది.

"చూసినవా?" అంది. "టైముకు కట్టినోళ్ల ఇల్లు అమ్మ మరవది. నలుగురు కాదు, ఎనిమిది మందొచ్చిన్రు మనింటికి. లీలమ్మకు మొదటిసారి నలుగురే."

"అవును" అన్నాను.

"ఆయన ఇచ్చింది ఏడ వెట్టినవు? ఇటు తే."

ఇవ్వక తప్పలేదు. కళ్లద్దాలు లేకుండా ఆమెకు అంత చిన్న అక్షరాలు కనబడవు. కళ్లద్దాలు కిటికీలోనే ఉన్నాయి, అడిగితే తెచ్చిచ్చేవాణ్ణి. అడగలేదు. కాగితాన్ని తొడ మీద పెట్టి అరచేత్తో మడతలు సాపు చేసింది, లేచి దేవుని గూటి దాకా తానే నడిచి, ఆకుపచ్చ ఫైలు మీద అన్నింటికంటే పైన పెట్టింది. దాని నాలుగు మూలలా కుంకుమ పెట్టింది. ముప్పై ఒక్క ఏళ్ల రసీదుల్లో ఆమె కుంకుమ పెట్టింది ఆ ఒక్కదానికే.